పొరుగింటి మూగజీవి: ఎప్పుడు, ఎంతవరకు కల్పించుకోవాలి?

విజయవాడలో రోహిణి కార్తె మధ్యాహ్నం చెప్పులు లేకుండా డాబా మీద ఎవరూ నాలుగడుగులు వేయలేరు. అలాంటి డాబా మీద, వాటర్ ట్యాంకు నీడ జానెడు కూడా మిగలని వేళ, గొలుసుతో కట్టి ఉన్న కుక్క ఒకటి పక్కింటివారి కంటబడిందనుకుందాం. చూసినవారు సాధారణంగా రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. మనకెందుకులే అని బాల్కనీ తలుపు వేసుకుంటారు, లేదా వీడియో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడతారు. మొదటి పనివల్ల ఆ కుక్కకు ఒరిగేదేమీ లేదని అందరికీ తెలిసిందే. రెండో పనివల్ల ఒరిగేది కూడా చాలా తక్కువనీ, కొన్నిసార్లు కీడే ఎక్కువనీ ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఈ చిక్కుముడిలో మూడు పోగులున్నాయి. ఆ జంతువు ఒంట్లో నిజంగా ఏం జరుగుతోందన్నది ఒకటి, ఆ ఇంట్లో ఏం జరుగుతోందన్నది రెండోది, చట్టం ఎవరికి ఎంత అధికారమిచ్చిందన్నది మూడోది. కోపం వచ్చినవారు ముందుగా మూడో పోగు పట్టుకుని లాగుతారు, దాంతో ముడి ఇంకా బిగుసుకుంటుంది. ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలను మినహాయిస్తే, చట్టం ఈ వరుసలో చివర రావలసినదే. ఎందుకో ఆ చట్టంలోని అంకెలు చూస్తే అర్థమవుతుంది. అంతకన్నా ముందు జంతువు సంగతి చూద్దాం.

డొక్క కనిపిస్తే పస్తులేనా?

పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్న కుక్కను చూడగానే తిండి పెట్టడం లేదనుకోవడం సహజం. పశువైద్యులు కుక్క ఒంటి పుష్టిని ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెల్లో అంచనా వేస్తారు. నాలుగు, అయిదు సరైన స్థితి. ఒకటి అంటే ఎముకల గూడు, తొమ్మిది అంటే విపరీతమైన స్థూలకాయం. ఈ అంచనాలో కంటికన్నా చేతికి పని ఎక్కువ. పక్కటెముకల మీద అరచెయ్యి ఆనిస్తే పలచని పొర కింద ఎముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము దగ్గర కాస్త నొక్కు కనిపించాలి. దూరంనుంచి, బాల్కనీలోంచి చూసేవారికి ఈ పరీక్ష సాధ్యం కాదు. పైగా జాతిని బట్టి లెక్క మారుతుంది. ముధోల్, చిప్పిపరై వంటి వేటకుక్కల్లో చివరి పక్కటెముకలు కనిపించడం ఆరోగ్య లక్షణమే. గుంటూరు లక్ష్మీపురంలో ఎవరైనా ముధోల్‌ను పెంచుకుంటుంటే, లాబ్రడార్లను మాత్రమే చూసి అలవాటుపడిన పొరుగువారికి అది అర్ధాకలితో ఉన్నట్టే కనిపిస్తుంది. అదే పొరుగువారు మెట్లెక్కడానికి ఆయాసపడే లాబ్రడార్‌ను చూసి ఎంత ముద్దుగా పెంచారో అని మెచ్చుకుంటారు. నా దృష్టిలో ఆ రెండో కుక్కకు జరుగుతున్నది కూడా నిర్లక్ష్యమే. ప్రేమ పేరుతో జరుగుతుంది గనుక దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు.

తిండికీ ఒంటికీ ఎప్పుడూ పొంతన ఉండదు. మూత్రపిండాల జబ్బు, మధుమేహం, కడుపులో పురుగులు, పిడుదుల ద్వారా సోకే ఎర్లీకియా, బబీసియా జ్వరాలు, ఇవన్నీ రెండు పూటలా తినే కుక్కను కూడా చిక్కి శల్యమయ్యేలా చేస్తాయి. మన తేమ వాతావరణంలో పిడుదుల బెడద ఏడాది పొడుగునా ఉండేదే. బొచ్చు ఊడి, చర్మం నల్లబడి, చూడటానికి వెగటుగా ఉన్న కుక్క డెమోడెక్స్ పురుగు వల్ల వచ్చే గజ్జికి మందులు వాడుతున్నదై ఉండవచ్చు. ఆ చికిత్స నెలల తరబడి సాగుతుంది, బొచ్చు నిదానంగా వస్తుంది. పన్నెండు, పదమూడేళ్ళు నిండిన కుక్క వెనకకాళ్ళు ఈడుస్తూ నడుస్తుంటే అది వార్ధక్యం. ఆ ఇంటివారు దానిని ఎత్తుకుని పోర్టికోలోకి తెచ్చి పడుకోబెడుతుండవచ్చు కూడా. కాబట్టి పైకి కనిపించే రూపాన్ని బట్టి అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: ఈ జంతువును ఈమధ్య పశువైద్యుడు చూశాడా?

జబ్బు పేరు చెప్పి తప్పించుకోలేని గుర్తులు కొన్ని వేరే ఉన్నాయి. మెడపట్టీ బిగుసుకుపోయి చర్మంలోకి దిగబడటం, గోళ్ళు వంకర తిరిగి పాదంలో గుచ్చుకోవడం, పురుగులు పట్టిన పుండు రోజుల తరబడి అలాగే ఉండటం, గొలుసు అందినంత మేర నేలంతా పెంటతో నిండిపోవడం, నీళ్ళ గిన్నె తెల్లవారినుంచి పొద్దుగూకేదాకా ఎండి ఉండటం వంటివి. ఇవి ఒక్క పూట కనిపిస్తే పొరపాటు కావచ్చు. వారం, పదిరోజులు చూసినా మారకపోతే అది ఆ ఇంటి పద్ధతి. పగలు కట్టేసి, గేటు వేశాక రాత్రి కాంపౌండులో వదలడం మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. పగలు మాత్రమే చూసేవారికి ఆ కుక్క జీవితమంతా గొలుసుతోనే గడుస్తోందనిపిస్తుంది. అందుకే పొద్దున ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి చూసి తేదీ వేసి రాసుకోవడం, కోపంతో ఒక్కసారి తీసిన వీడియోకన్నా ఎన్నో రెట్లు విలువైన పని.

పిల్లుల సంగతిలో పొరపాటు మరో రకంగా జరుగుతుంది. సరైన సమతుల్యంతో పెడితే కుక్క శాకాహారం మీద బతకగలదు గానీ, పిల్లి బతకలేదు. టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం తనకు చాలినంతగా తయారు చేసుకోలేదు, అది మాంసం, చేపల నుంచే అందాలి. అది కొరవడితే కంటిచూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. బయట తిరిగే పిల్లి ఎలుకనో తొండనో పట్టి ఆ లోటు పూడ్చుకుంటుంది. ఫ్లాట్‌లో తలుపులు మూసి, పాలూ పెరుగన్నంతో మాత్రమే పెంచే పిల్లికి ఆ దారి కూడా లేదు. ఆ ఇంటివారు దాన్ని ప్రాణంలా చూసుకుంటూ ఉండవచ్చు. ఇక్కడ కావలసింది ఒక మంచి సలహా, ఫిర్యాదుతో పనేమీ లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. అపార్ట్‌మెంట్లలో నిర్లక్ష్యం గురించిన మాటలు చాలావరకు మొరుగుడు గురించిన ఫిర్యాదుతో మొదలవుతాయి. రాత్రి నిద్ర చెడినవారికి ఆ కుక్క మీద హఠాత్తుగా జాలి కలుగుతుంది. పాపం ఒంటరిగా వదిలేస్తున్నారు, ఎక్కడికైనా పంపించేస్తే బాగుండును అంటారు. ఒంటరితనం వల్ల కుక్క మొరగడం నిజమే. కానీ మన నిద్ర, దాని క్షేమం రెండు వేరు వేరు విషయాలని ఒప్పుకుని మాట్లాడితే అవతలివారు వింటారు. పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది గనుక, అసోసియేషన్ తీర్మానంతో కుక్కను పంపించేయాలనుకునే ప్రయత్నం నిలబడదు కూడా.

ఆ ఇంట్లో ఏం జరుగుతోంది?

పెంపుడు జంతువును కావాలని హింసించేవారు ఉన్నారు, కానీ తక్కువ. ఎక్కువ ఇళ్ళలో జరిగేది, ఒకప్పుడు ఇష్టపడి తెచ్చుకున్న జీవిని చూసుకునే మనిషి ఆ ఇంట్లో లేకుండా పోవడం. పిల్లలు అమెరికా వెళ్ళని వీధి విజయవాడ, గుంటూరుల్లో వెతికినా దొరకడం కష్టం. కొడుకు ఇంజినీరింగ్ చదివేటప్పుడు ముచ్చటపడి తెచ్చుకున్న లాబ్రడార్, అతను ఎం.ఎస్.కు వెళ్ళాక మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రుల పాలబడుతుంది. ముప్ఫై కిలోల కుక్క ఒక్కసారి గొలుసు లాగితే అరవై అయిదేళ్ళ మనిషి బోర్లా పడటానికి ఎంతోసేపు పట్టదు. ఒకసారి అలా జరిగాక షికారు ఆగిపోతుంది. షికారు ఆగాక కుక్క ఇంట్లో ఆగడం చేస్తుంది. ఆగడం చేశాక డాబా మీదికి చేరుతుంది. డాబా మీదికి మెట్లెక్కలేని పెద్దావిడ రోజుకొకసారి పనిమనిషి చేత అన్నం పంపిస్తుంది, పనిమనిషి రాని రోజున అదీ ఉండదు. ఈ గొలుసుకట్టులో ఎక్కడా దుర్మార్గుడు లేడు. కానీ చివర ఎండలో మిగిలిన కుక్క మాత్రం ఉంది.

సంక్రాంతికి ఊరెళుతూ మూడు రోజుల అన్నం ఒకేసారి గిన్నెలో పోసి వెళ్ళేవారూ ఉన్నారు. రెండో రోజుకే ఆ అన్నం పులిసి, చీమలు పడతాయని తెలియక కాదు, అడిగితే చూసిపెట్టే ఇల్లు లేదనుకోవడం వల్ల. పుట్టినరోజు బహుమతిగా వచ్చిన కుక్కపిల్లలు, అద్దె ఇల్లు మారినప్పుడు కొత్త ఓనరు వద్దంటే పాత చిరునామాలోనే మిగిలిపోయినవి, భార్యాభర్తల మధ్య గొడవల్లో ఎవరికీ పట్టనివి, ఇలా కారణాలు రకరకాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు పడవల్లో మనుషులకే చోటు చాలలేదు. అలాంటప్పుడు మేడ మీద జంతువును వదిలి రావలసివచ్చినవారిని, బద్ధకంతో నీళ్ళు పెట్టనివారిని ఒకే గాటన కట్టలేం.

కారణం తెలిస్తే పరిష్కారం మారుతుంది, అందుకే ఇంతసేపు దీని మీద నిలిచాను. చేతకాని ఇంటికి కావలసింది చెయ్యి. తెలియని ఇంటికి కావలసింది కబురు. ఈ రెండూ ఇచ్చిచూశాక కూడా కదలని ఇల్లు మాత్రమే చట్టానికి సరైన గిరాకీ.

మాట ఎలా కలపాలి

మన పేటల్లో పొరుగువారితో పలకరింపు వరసలతో మొదలవుతుంది, పిన్నిగారూ, బాబాయిగారూ, అన్నయ్యగారూ అని. ఆ వరస వదలకుండా మాట్లాడటమే సగం పని. పెంచుకుంటున్నవారిని దోషిగా నిలబెట్టే ప్రశ్న వేస్తే వారు తమను కాపాడుకునే పనిలో పడతారు, కుక్క మాట వెనకబడుతుంది. "పిన్నిగారూ, బ్రూనో ఈమధ్య బాగా చిక్కిపోయిందండీ, ఒంట్లో బాగుండటం లేదా?" అని అడిగితే ఎదుటివారు జవాబు చెప్పక తప్పదు, ఆ జవాబులోనే అసలు సంగతి చాలావరకు బయటపడుతుంది. మందులు వాడుతున్నామని డాక్టరు చీటీ చూపిస్తే మన అనుమానం తీరుతుంది. "ఏం చేయనమ్మా, అబ్బాయి వెళ్ళాక దాన్ని పట్టుకునేవాళ్ళే లేరు" అని నిట్టూరిస్తే, సాయం చేయడానికి తలుపు తెరిచినట్టే.

ఆ తరవాత చేయబోయే సాయం నిర్దిష్టంగా ఉండాలి. ఏదైనా అవసరమైతే చెప్పండి అనేది మర్యాద మాట, దానితో ఎవరూ ఏమీ అడగరు. ఆదివారం పొద్దున్న మా అబ్బాయి బ్రూనోను ఒకసారి తిప్పి తెస్తాడండీ, టీకాల పుస్తకం ఇస్తే పశువైద్యశాలకు మేం వెళ్ళేటప్పుడు తీసుకెళతాం, డాబా మీద ఓ గ్రీన్ నెట్ కట్టిస్తే నీడ వస్తుంది కదా, మేం తెప్పిస్తాం అనే మాటలు పనిచేస్తాయి. జబ్బు ముదిరి, పరీక్షలు, శస్త్రచికిత్స అవసరమైన జంతువులకు గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది, నగరానికి అంత దూరమూ కాదు. ఖర్చుకు భయపడి వైద్యం మానేసినవారికి ఈ కబురు ఒక్కటే చాలవచ్చు.

మాట ఎవరితో కలపాలన్నది కూడా ముఖ్యమే. ఇంట్లో పెత్తనం ఒకరిది, కుక్క పని ఇంకొకరిది. పనిమనిషిని, వాచ్‌మన్‌ను ఆరా తీస్తే వారి ఉద్యోగానికే ముప్పు రావచ్చు, పైగా వారి మాట ఆ ఇంటివారి చెవిన వేరే రూపంలో పడుతుంది. అమెరికాలో ఉన్న కొడుక్కు ఫోన్ చేసి చెప్పడం పనికొస్తుంది, కానీ తల్లిదండ్రుల మీద ఫిర్యాదులా ఉండకూడదు.

గోడ మీదుగా తిండి వేయడం అందరికీ తోచే ఉపాయం. ఇంటివారికి చెప్పకుండా చేస్తే ఇది మంచిది కాదు. మధుమేహమో మూత్రపిండాల జబ్బో ఉన్న కుక్కకు ప్రత్యేకమైన ఆహారం నడుస్తుండవచ్చు. మిగిలిన కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష విషంతో సమానం. ఒకేసారి పడిన నూనె సరుకు క్లోమాన్ని వాపెక్కిస్తుంది. తరవాత ఆ కుక్కకు ఏం జరిగినా వేలు మన వైపే చూపిస్తుంది. నీళ్ళ సంగతి వేరు, నీళ్ళు పెడతామని అడిగితే కాదనే ఇల్లు ఉండదు. పాతిక కిలోల కుక్కకు మామూలు రోజుల్లోనే లీటరు పైచిలుకు నీళ్ళు కావాలి, మే నెలలో అది చాలదు. స్టీలు గిన్నెకన్నా మట్టి తొట్టి నయం, బరువుగా ఉంటుంది గనుక తన్నినా పొర్లదు, నీళ్ళూ చల్లగా ఉంటాయి.

ఆగడానికి వీల్లేని వేళ

పైన చెప్పిన నిదానం ఎండదెబ్బ విషయంలో పనికిరాదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, మిగిలిన వేడినంతా వగర్పుతోనే వదిలించుకోవాలి. దాని మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం, 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులు ఊపిరి సరిగా తీసుకోలేక మిగిలినవాటికన్నా ముందే కుప్పకూలుతాయి. మంచుదేశాల హస్కీని విజయవాడలో పెంచడం గురించి ఏమనాలో నాకు తెలియదు, ఏసీ గదిలోనైనా ఉంచుతారని ఆశపడాలి. వగర్పు మరీ తీవ్రమై, చొంగ చిక్కగా కారుతూ, చిగుళ్ళు ముదురు ఎరుపుకు తిరిగి, తూలుతూ నడిచినా, పిలిస్తే పలకకపోయినా అది గంటల్లో కాదు, నిమిషాల్లో తేలే వ్యవహారం.

అప్పుడు తలుపు తట్టాలి, తీయకపోతే ఫోన్ చేయాలి, అదీ కాకపోతే అపార్ట్‌మెంట్ కార్యదర్శినో ఎదురింటి పెద్దమనిషినో వెంటబెట్టుకోవాలి. ఇంట్లో ఎవరూ లేక తాళం వేసి ఉంటే 112కు ఫోన్ చేసి పోలీసులను పిలవాలి. కుక్క చేతికి చిక్కగానే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ ఫ్యాను గాలి తగిలేలా చూడాలి. ఇక్కడ మన ఊరికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. మే మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే కొళాయి నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. కుండలోవో, డ్రమ్ములో నిల్వ ఉన్నవో వాడాలి. స్పృహలో లేని కుక్క నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు చల్లబరచి, ఆ తరవాతే బండెక్కించి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాలి. రాష్ట్రంలో 2022లో ప్రధానంగా పాడిపశువుల కోసం మొదలైన సంచార పశువైద్య వాహనాలకు 1962 నంబరు ఉంది. నగరంలో ఇలాంటి అత్యవసరానికి దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, దగ్గరి వైద్యుడికి ఫోన్ చేసి ఆటో ఎక్కించడమే మేలు.

బాధలో ఉన్న కుక్క, ఎంత తెలిసినదైనా, కరుస్తుంది. కరిస్తే గాయాన్ని సబ్బు పెట్టి పదిహేను నిమిషాలపాటు ధారగా పారే నీళ్ళతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకాలు మొదలుపెట్టాలి. పెంపుడు కుక్కే కదా అని వదిలేయకూడదు, దానికి టీకా వేయించారో లేదో మనకు తెలియదు. నిర్లక్ష్యానికి గురైన కుక్క విషయంలో వేయించలేదనే అనుకోవాలి.

చట్టం చేతిలో ఏముంది

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. దాని 3వ సెక్షన్ ప్రకారం జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే వారు దాని క్షేమం కోసం సముచితమైన చర్యలన్నీ తీసుకోవాలి. 11(1) సెక్షన్ నేరాలను వరుసగా చెబుతుంది. మన చర్చకు ముఖ్యమైనవి ఎఫ్ నుంచి ఐ వరకు ఉన్న ఖండాలు: మరీ పొట్టిదో బరువైనదో అయిన గొలుసుతో అసమంజసమైన కాలం కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టేసే కుక్కకు తగిన వ్యాయామం లేకుండా చేయడం, యజమాని అయివుండీ చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో సహేతుకమైన కారణం లేకుండా వదిలేయడం. అరవై ఏళ్ళ కిందట రాసిన చట్టంలో కుక్కకు షికారు హక్కు ఉండటం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. 2014 మే 7న నాగరాజ కేసులో సుప్రీంకోర్టు, ఆకలిదప్పుల నుంచి, భయం నుంచి, ఇబ్బందికరమైన పరిసరాల నుంచి, నొప్పి, జబ్బుల నుంచి విముక్తి, సహజ ప్రవర్తనకు వీలు అనే అయిదు స్వేచ్ఛలను ఈ రెండు సెక్షన్లలో భాగంగానే చదవాలని చెప్పింది. ఆ కేసు జల్లికట్టుది. జల్లికట్టు విషయంలో 2023లో రాజ్యాంగ ధర్మాసనం వేరే నిర్ణయానికి వచ్చింది గానీ, అది మన చర్చకు అవసరం లేదు.

కాగితం మీద ఇంత బాగున్న చట్టం శిక్ష దగ్గరకు వచ్చేసరికి చిన్నబోతుంది. మొదటి నేరానికి జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే పాతిక నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960లో యాభై రూపాయలంటే విలువ ఉండేది, అంకె మాత్రం అక్కడే ఉండిపోయింది. శిక్షలు పెంచుతూ కేంద్రం 2022లో ఒక సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం పెట్టింది, అది చట్టరూపం దాల్చలేదు.

అంతకన్నా పెద్ద అడ్డంకి 31వ సెక్షన్. నిర్లక్ష్యానికి సంబంధించిన పై ఖండాలేవీ పోలీసులు స్వయంగా కేసు కట్టగలిగిన నేరాలు కావు. స్టేషన్‌కు వెళ్ళినవారికి "మీ అపార్ట్‌మెంట్ సంగతి మీరే తేల్చుకోండి" అనే జవాబు ఎందుకు వస్తుందంటే, కొంత ఉదాసీనత, కొంత ఈ సెక్షన్. అయినా ఫిర్యాదు వృథా కాదు. నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ ప్రకారం అధికారి ఆ సమాచారాన్ని పుస్తకంలో నమోదు చేసి, ఫిర్యాదీని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళమనాలి. విషం పెట్టడం, చంపడం, అవిటిని చేయడం వంటివి జరిగితే లెక్క మారిపోతుంది. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ వరకు శిక్ష ఉన్న ఆ నేరానికి పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టవలసిందే.

1960 చట్టంలో నిజంగా పనికివచ్చే మీట 34వ సెక్షన్. నేరం జరుగుతోందని నమ్మడానికి కారణం ఉంటే, కానిస్టేబుల్ కన్నా పై హోదా ఉన్న ఏ పోలీసు అధికారి అయినా, ప్రభుత్వం అధికారమిచ్చిన వ్యక్తి అయినా ఆ జంతువును స్వాధీనం చేసుకుని, పరీక్ష కోసం దగ్గరి మేజిస్ట్రేటు ముందో పశువైద్యాధికారి ముందో హాజరుపరచవచ్చు. పశువైద్యాధికారి రాసిన నివేదిక ఒకటి చేతిలో ఉంటే, అప్పటిదాకా పక్కింటివారి గొడవగా ఉన్నది వైద్య సాక్ష్యంగా మారుతుంది. చాలా సందర్భాల్లో ఇలా జరగవచ్చని యజమానికి తెలియడమే చాలు, యాభై రూపాయల జరిమానా చేయలేని పనిని ఇంటి ముందు ఆగిన పోలీసు జీపు చేస్తుంది.

ఫిర్యాదును కాగితం మీద ఇవ్వడం మంచిది. తేదీలు, వేళలు, చూసినవి, ఇంటివారితో మాట్లాడిన రోజు, వారి జవాబు రాయాలి. ఫొటోలు మన హద్దులోంచే తీయాలి, జంతువు, గిన్నె, గొలుసు మాత్రమే ఉండేలా చూసుకోవాలి. పక్కింటి ఆడవాళ్ళో పిల్లలో ఫ్రేములోకి వచ్చిన వీడియో మన ఫిర్యాదును పక్కకు నెట్టి, మన మీద ఫిర్యాదును ముందుకు తెస్తుంది. ఒక ప్రతిని పోలీస్ స్టేషన్‌కు, ఒకటి జిల్లా పశుసంవర్ధక శాఖ కార్యాలయానికి పంపాలి. ప్రతి జిల్లాలోనూ జంతు హింస నివారణ సంఘం ఉండాలని 2001 నిబంధనలు చెబుతున్నాయి. ఎన్టీఆర్ జిల్లాలో గానీ గుంటూరు జిల్లాలో గానీ దాని ఆచూకీ కోసం కలెక్టరేట్‌లోనో పశుసంవర్ధక శాఖలోనో అడగాలి. ఇంకో గడువు కూడా గుర్తుంచుకోవాలి. 36వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన నాటి నుంచి మూడు నెలలు దాటాక ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్ కుదరదు. పోయిన వేసవి ఫొటోలు సంక్రాంతికి పట్టుకెళితే ప్రయోజనం లేదు.

ఇక పౌరులు చేయకూడని పనులు. గోడ దూకడం, గొలుసు కోసి వదిలేయడం, రాత్రికి రాత్రి ఎత్తుకెళ్ళి వేరే ఊళ్ళో ఎవరికో ఇవ్వడం. చట్టం దృష్టిలో పెంపుడు జంతువు యజమాని ఆస్తి, కాబట్టి మంచి ఉద్దేశంతో ఎత్తుకెళ్ళినా దొంగతనం కేసు మెడకు చుట్టుకుంటుంది. వీధి ఎరుగని కుక్క బందరు రోడ్డు మీద పడితే ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పనక్కరలేదు. వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి తిట్టడం పరువునష్టం దావాకు దారితీస్తుంది, అంతకన్నా నష్టమేమిటంటే, పరువు పోయిన ఇల్లు కుక్కను డాబా మీదినుంచి ఎవరికీ కనిపించని వెనక గదిలోకి మారుస్తుంది.

పంజరంలో చిలుక ఉంటే

పొరుగింటి పంజరంలో ఉన్నది రామచిలుక అయితే ఇప్పటిదాకా చెప్పినదేదీ వర్తించదు. అది వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షి, 2022 సవరణ తరవాత రెండో షెడ్యూలులో ఉంది. బాగా చూసుకుంటున్నా, జామపండు పెడుతున్నా, పేరు పెట్టి పిలుస్తున్నా దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం, మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది. నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. వీటి గురించి చెప్పవలసింది అటవీ శాఖకు. ఆ పక్షి రెక్కలు కత్తిరించి ఉంటే మనమే పంజరం తలుపు తీసి వదిలేయడం కాకికీ పిల్లికీ అప్పగించడమే అవుతుంది. విదేశాల నుంచి వచ్చిన బడ్జీలు, లవ్‌బర్డ్‌లు ఈ షెడ్యూలులోకి రావు, వాటికి 1960 చట్టం వర్తిస్తుంది. పక్షి కదలడానికి వీల్లేనంత చిన్న పంజరం దాని ప్రకారం నేరం.

స్వాధీనం చేసుకున్నాక

జంతువును ఆ ఇంటినుంచి తప్పిస్తే కథ సుఖాంతమైనట్టేనని అనుకుంటాం. కేసు నడిచినంతకాలం అది కేసు సొత్తు. 1960 చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల ప్రకారం మేజిస్ట్రేటు దానిని సంరక్షణ కేంద్రానికో జంతు సంక్షేమ సంస్థకో అప్పగించి, ఖర్చు యజమాని నుంచి రాబట్టవచ్చు. నేరం రుజువైతే 29వ సెక్షన్ కింద యాజమాన్యాన్ని తీసివేసే అధికారం కూడా కోర్టుకు ఉంది, అయితే ఆ జంతువును తిరిగి ఇస్తే మళ్ళీ హింసకు గురవుతుందని తేలాలి. ఆచరణలో మన నగరాల్లోని సంరక్షణ కేంద్రాలు గాయపడిన వీధికుక్కలతో నిండి ఉంటాయి. టీకాలు లేని ఇంటికుక్క అక్కడ పార్వో, డిస్టెంపర్ వంటి అంటురోగాల పాలయ్యే అవకాశం తక్కువేమీ కాదు.

కాబట్టి, పెంచలేమని ఆ ఇంటివారే ఒప్పుకునే దశకు మాట తీసుకురాగలిగితే, కోర్టు దాకా వెళ్ళకుండా కొత్త ఇల్లు వెతకడమే జంతువుకు అన్నివిధాలా మేలు. దీనికి కాగితం తప్పనిసరి. ఇస్తున్నవారు, తీసుకుంటున్నవారు ఇద్దరూ తేదీ వేసి సంతకం చేయాలి, జాతి, వయసు, రంగు, గుర్తులు రాయాలి, డబ్బు చేతులు మారలేదని కూడా రాసుకుంటే మంచిది. టీకాల పుస్తకం, పాత మందుల చీటీలు దానితోపాటే వెళ్ళాలి. కొడుకు పేరుమీద ఉన్న కుక్కను తల్లిదండ్రులు ఇస్తుంటే, అమెరికానుంచి అతని చేత ఒక సందేశమైనా పెట్టించుకోవాలి, లేకపోతే వచ్చే డిసెంబరు సెలవుల్లో అతను వచ్చి నా కుక్క ఏదని కొత్తవారి గుమ్మంలో నిలబడతాడు. తీసుకునేవారి ఇల్లు ఒకసారి చూడకుండా అప్పగించకూడదు. మగకుక్కో ఆడకుక్కో మాత్రమే అడిగి, మిగతా వివరాలు అడగని మనిషి దానిని కుక్కపిల్లల వ్యాపారం కోసమే తీసుకుంటున్నాడని అనుమానించాలి. అందుకే ఇచ్చేముందే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించడం, ఆ ఖర్చును ఇరుగుపొరుగు కలిసి భరించడం అన్నిటికన్నా క్షేమం.